వంగ వేరుకి బుడిపెలు పడితే: వేప గింజ కషాయం ఎక్కడ పోయాలి, ఎప్పుడు పోయాలి

లావేరు మండలంలో మా ఊరు. ఇంటి వెనక మెట్టలో ముప్పై సెంట్లు కూరగాయలు వేస్తాం. ఎర్ర గరప నేల, రెండు జానలు తవ్వితే ఇసుకే. వంగ, బెండ, టమాటా, ఆనప, బీర... ఇరవై ఏళ్లుగా ఇవే పంటలు. సాయంత్రం కాయ కోసి పెట్టుకుంటే తెల్లారకముందే ఆటోలో శ్రీకాకుళం రైతు బజారుకి వెళ్లిపోతుంది.

నాలుగేళ్ల కిందట వంగ మీద మొదటిసారి దెబ్బ పడింది. నాటి నెలన్నర దాటినా మొక్క మోకాలి ఎత్తు రాలేదు. ఆకు పసుపు తిరిగింది. పొద్దున బాగానే కనిపించేది, ఎండ ఎక్కేసరికి వాలిపోయేది, సాయంత్రానికి మళ్లీ లేచేది. "ఏటే అమ్మీ, నీళ్లు కట్టినావు కదా, ఎందుకిలా వాలిపోనాయి?" అని మా అత్త రోజూ అడిగేది. తడి చాలలేదేమోనని ఇంకా నీళ్లు కట్టాను. యూరియా వేశాను. మందుల షాపులో ఎండు తెగులని చెప్పి ఒక సీసా ఇచ్చారు, అదీ కొట్టాను. తర్వాత వేపాకు, జిల్లేడాకు కలిపి ఉడకబెట్టి, ఆ కషాయం నాలుగుసార్లు ఆకులు తడిసేలా కొట్టాను. చేతులు పడిపోయాయి తప్ప మొక్క కోలుకోలేదు.

మా చెల్లి కొడుకు అప్పుడు నైరా వ్యవసాయ కాలేజీలో చదువుతున్నాడు. సంక్రాంతికి వచ్చినవాడు మడి చూసి, "ఒక మొక్క తవ్వి చూద్దాం పెద్దమ్మా" అన్నాడు. పీకనివ్వలేదు. పీకితే సన్న వేర్లన్నీ తెగి మట్టిలోనే ఉండిపోతాయట. పారతో చుట్టూ తవ్వి, మట్టిగడ్డతో సహా తీసి, బకెట్ నీళ్లలో పావుగంట ఉంచి, మెల్లగా కడిగాడు. నూలు పోగుల్లా ఉండాల్సిన వేర్లు గడ్డలు గడ్డలుగా, అల్లం కొమ్ముల్లా ఉబ్బిపోయి ఉన్నాయి. వేరు బుడిపె నులిపురుగు అన్నాడు. నెమటోడ్ అని పుస్తకాల్లో రాసేది దీన్నే.

నేను నాలుగుసార్లు కొట్టిన కషాయం ఆకు మీద పడింది. పురుగు వేరు లోపల కూర్చుంది. వేప, జిల్లేడు, బంతి, ఏది వాడినా సరే, అది వేరు ఉన్న మట్టిలోకి వెళ్లాలి. వేరులోకి పురుగు దూరకముందే వెళ్లాలి. ఇది తెలియకే నేను ఒక పంట పోగొట్టుకున్నాను. కింద రాసేదంతా ఆ తర్వాత మూడు పంటల్లో చేస్తూ నేర్చుకున్నది.

ముందు ఈ పురుగు సంగతి తెలియాలి. గుడ్డు నుంచి బయటికొచ్చిన పిల్ల పురుగు అర మిల్లీమీటరు కూడా ఉండదు, కంటికి కనపడదు. తడి మట్టిలో ఈదుకుంటూ వచ్చి వేరు కొన దగ్గర లోపలికి దూరుతుంది. ఒకచోట స్థిరపడి, చుట్టూ ఉన్న వేరు కణాలను పెద్దవి చేసుకుని, వాటి నుంచి రసం తాగుతుంది. ఆ ఉబ్బే మనకి కనిపించే బుడిపె. ఆడపురుగు బేరిపండు ఆకారంలో ఉబ్బిపోయి, జిగురు ముద్దలో వందల గుడ్లు పెడుతుంది. మన కోస్తా వేడికి గుడ్డు నుంచి మళ్లీ గుడ్డుకి నెల రోజులు చాలు. అంటే ఐదు నెలల వంగ పంటలో నాలుగైదు తరాలు గడిచిపోతాయి. ఇసుక కలిసిన తేలిక నేలల్లో దీని నడక సులువు, అందుకే మా మెట్టల్లో ఎక్కువ.

బుడిపె కట్టిన వేరుని ఏ కషాయమూ మళ్లీ మామూలు వేరు చెయ్యలేదు. కాబట్టి కాపాడుకోవాల్సింది నారుమడిలోని లేత వేరుని, నాటాక మొదటి నెలలో వచ్చే కొత్త వేరుని. ఆ నెల రోజులు మొక్క తప్పించుకుంటే, తర్వాత కొంత పురుగు పట్టినా తట్టుకుని కాపు ఇస్తుంది.

మీ మడిలో ఉందో లేదో

నాటే ముందే తెలుసుకునే దారి ఒకటుంది, ఖర్చు లేనిది. మడిలో పది చోట్ల జానెడు లోతు మట్టి తీసి, కలిపి, మూడు నాలుగు కుండీల్లోనో పాత డబ్బాల్లోనో నింపండి. ఎండలో ఆరబెట్టకండి, ఆరితే పురుగు చచ్చి తప్పు ఫలితం వస్తుంది. వాటిలో బెండ గింజలు వేయండి. బెండ ఈ పురుగుకి ఇష్టమైన మొక్క. నెల తర్వాత కుండీ బోర్లించి వేరు కడిగి చూడండి. బుడిపెలు ఉంటే మడిలో ఉన్నట్టే. నేను ఏటా భాద్రపదంలో ఈ పని చేస్తున్నాను.

బొబ్బర్లు, వేరుశనగ వేర్లకి కూడా బుడిపెలు ఉంటాయి, వాటిని చూసి కంగారు పడకండి. అవి నత్రజని పట్టే మంచి బుడిపెలు. వేరుకి పక్కన అంటుకుని ఉంటాయి, గోటితో గీరితే ఊడి వస్తాయి, నలిపితే లోపల గులాబీ రంగు. పురుగు బుడిపె అలా ఊడదు, వేరే ఉబ్బి ఉంటుంది.

మట్టి బరువు లెక్క

ఒక మాట ఇక్కడే చెప్పాలి, లేకపోతే ఆశ ఎక్కువై తర్వాత నిరాశ పడతారు. గాజు పళ్లెంలో ఈ పురుగు పిల్లల్ని వేసి వేప కషాయం పోస్తే ఒకటి రెండు రోజుల్లో చాలావరకు చచ్చిపోతాయి. జిల్లేడు, బంతి, వెల్లుల్లి, ఆముదం ఆకు రసాలతో కూడా ఇలాంటి ఫలితాలే వచ్చాయని మా వాడు కాలేజీలో నేర్చుకున్నది చెప్పాడు. కానీ పొలం గాజు పళ్లెం కాదు. ఒక ఎకరంలో 15 సెంటీమీటర్ల లోతు మట్టి తూకం వేస్తే ఎనిమిది తొమ్మిది వందల టన్నులు తూగుతుంది. అంత మట్టిలో రెండొందల లీటర్ల కషాయం చల్లితే ఎక్కడికి పోతుంది? అందుకే మడంతా చల్లే ఆలోచన మానేసి, మొక్క నాటే గుంటలో, మొదలు చుట్టూ మాత్రమే పోస్తున్నాను. ఉన్న కాస్త మందూ వేరు దగ్గరే ఉండాలి.

వేప గింజ: ఆషాఢంలో మొదలయ్యే పని

నాకు అన్నిటికంటే నమ్మకం కుదిరింది వేప గింజ మీద. ఆకులో కూడా గుణం ఉంది గానీ గింజలో ఉన్నంత లేదు. జూన్, జులైల్లో పండు రాలుతుంది. రాలిన పండుని రెండు మూడు రోజులకోసారి ఏరండి. వానకి నానుతూ పడి ఉంటే గింజ బూజు పడుతుంది. బూజు పట్టిన గింజ దేనికీ పనికిరాదు. గుజ్జు తీసి, కడిగి, నీడలో ఆరబెట్టాలి. ఎండలో పెడితే గుణం తగ్గుతుంది. నేను ఇంటి వసారాలో చాప మీద పది రోజులు ఆరబోసి, రోజుకి రెండుసార్లు చెయ్యి పెట్టి తిరగేస్తాను. తర్వాత గోనె సంచిలో, గాలి తగిలేలా. ప్లాస్టిక్ సంచి వద్దు, చెమ్మ పడుతుంది. మూడు నెలలు దాటిన గింజ, ఎనిమిది నెలల లోపు గింజ మంచిదంటారు. మేం దీపావళి దాటాక వంగ నాటుతాం కాబట్టి మాకు లెక్క సరిపోతుంది. ఒక గింజ పగలగొట్టి చూడండి: పప్పు లేత ఆకుపచ్చగా ఉంటే వాడండి, గోధుమ రంగు తిరిగితే వదిలేయండి.

కషాయం తయారీ ఇది. పెంకు తీసిన పప్పు 5 కిలోలు. పెంకుతో సహా దంచితే 10 కిలోలు తీసుకోవాలి, ఎందుకంటే గింజ బరువులో దాదాపు సగం పెంకే. రోట్లో కచ్చాపచ్చాగా కాకుండా రవ్వలా దంచండి, అలాగని నూనె బయటికొచ్చి ముద్దయ్యేలా వద్దు. ఆ పొడిని పలచటి గుడ్డలో మూట కట్టి 10 లీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టాలి. పొద్దున మూటని పాల తెలుపు నీళ్లు వచ్చేదాకా పిసికి, రెండు మూడుసార్లు ముంచి తియ్యాలి. ఆ నీటిని వడకట్టి 100 లీటర్ల డ్రమ్ములో పోసి మంచినీళ్లతో నింపండి. ఉడకబెట్టకండి, నేను మొదట చేసిన తప్పుల్లో అదొకటి. ఆకు మీద కొట్టేవాళ్లు సబ్బు పొడి కలుపుతారు, ఆకుకి అంటుకోడానికి. మనం మట్టిలో పోస్తున్నాం కాబట్టి సబ్బు అక్కర్లేదు. కలిపిన రోజే వాడేయాలి, మర్నాటికి ఉంచితే బలం పోతుంది. మూటలో మిగిలిన పిప్పిని పారేయకుండా మొక్కల మొదట్లో మట్టి కప్పి వేస్తాను.

ఒక డ్రమ్ము ఐదు వందల మొక్కలకి వస్తుంది, మొక్కకి గ్లాసెడు, అంటే 200 మిల్లీలీటర్లు. మాకు రెండడుగుల ఎడంలో ఐదు సెంట్లకి దగ్గర దగ్గర అన్ని మొక్కలే పడతాయి. నాటిన రోజు ఒకసారి, 15వ రోజు ఒకసారి, 30వ రోజు ఒకసారి. సాయంత్రం పూట, నేల ఒక మాదిరి తడి మీద ఉన్నప్పుడు, కాండానికి నాలుగు వేళ్ల దూరంలో గుండ్రంగా చిన్న గాడి తీసి అందులో పోసి మట్టి కప్పేయండి. ఎండ తగిలితే వేప గుణం త్వరగా పోతుంది, మట్టి కప్పడం అందుకే. నేల పొడిగా ఉంటే పైనే ఇంకిపోతుంది, వేరు దాకా దిగదు. పోశాక రెండు రోజులు నీళ్లు కట్టొద్దు, కడితే కొట్టుకుపోతుంది.

మూడు సార్లకి 15 కిలోల పప్పు, అంటే 30 కిలోల ఎండు గింజ. ఇది ఐదు సెంట్ల లెక్క. ఎకరాలకి ఎకరాలు వేసేవాళ్లకి ఇంత చేతిపని అవదు, వాళ్లు వేప పిండి మీద ఆధారపడటమే మేలు.

వేప పిండి

నూనె తీయగా మిగిలిన చెక్కని దంచిన పిండి. ఎకరానికి 200 కిలోలు వేస్తారు. మాకు ఐదు సెంట్లకి 10 కిలోలు. దీన్ని కూడా నేను మడంతా చల్లను. నాటడానికి రెండు వారాల ముందే తాడు పట్టి గుంటలు తీసి, గుంటకి 20 గ్రాముల పిండి, దోసెడు మాగిన గత్తం (పశువుల ఎరువు) వేసి కలిపి, తడి పెట్టి వదిలేస్తాను. ఆ రెండు వారాలూ ఎందుకంటే పిండి కుళ్లేటప్పుడు అమ్మోనియా లాంటి ఘాటు పదార్థాలు వస్తాయి. పురుగుని చంపడంలో వాటికీ పాత్ర ఉంది, కానీ లేత వేరునీ మాడుస్తాయి. రెండో ఏడు తొందరపడి పిండి వేసిన మూడో రోజే నాటి, ఒక సాలు సాలంతా పోగొట్టుకున్నాను. వేప పిండి దొరక్కపోతే కానుగ పిండి, ఆముదం పిండి కూడా పనిచేస్తాయి. కొనేటప్పుడు గుప్పెడు తీసి వాసన చూడండి, నాలుక మీద చిటికెడు పెట్టుకోండి. చేదు లేకపోతే అది వేప పిండి కాదు.

నారుమడి

అసలు సగం కథ ఇక్కడే ఉంది. బుడిపె ఉన్న నారు తెచ్చి నాటితే, మన చేత్తో మనమే మడంతా పురుగుని నాటినట్టు. ఆ చెడిపోయిన ఏడు నేను నారు బయట కొన్నాను, వేరు చూడకుండా. ఇప్పుడు మేమే పోసుకుంటున్నాం. మే నెలలో నారుమడి చోటు దున్ని, బాగా తడిపి, కింద మట్టి కనిపించేంత పారదర్శకమైన పల్చని ప్లాస్టిక్ పట్టా కప్పి, అంచులు మట్టితో మూసి ఆరు వారాలు వదిలేస్తాను. నల్ల పట్టా వద్దు, ఎండ లోపలికి దిగాలంటే పారదర్శకంగా ఉన్నదే కావాలి. విత్తనం వేసే మూడు వారాల ముందు చదరపు మీటరుకి పావుకిలో వేప పిండి కలుపుతాను. మొలిచాక పన్నెండో రోజున పైన చెప్పిన కషాయాన్నే సగం నీళ్లు కలిపి పూల క్యానుతో పోస్తాను. నాటే ముందు నారు వేర్లని అరగంట కషాయంలో ముంచి తీయడం కూడా చేస్తున్నాను. నారు ఎవరి దగ్గర కొన్నా పది మొక్కలు కడిగి చూడండి. అమ్మేవాళ్లు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

మిగతా ఆకులు

జిల్లేడు, కానుగ, వావిలి ఆకులని కషాయం చేయడం కంటే పచ్చి రొట్టగా మట్టిలో కలపడమే నాకు నచ్చింది. నాటడానికి నెల ముందు ఆకు, లేత కొమ్మ నరికి, చాళ్లలో వేసి, మట్టి కప్పి, తడి పెడతాం. మా అత్తవాళ్లు వరి మడికి చేసిన పనే ఇది. జిల్లేడు నరికేటప్పుడు పాలు కంట్లో పడకుండా చూసుకోండి, కన్ను వాచిపోతుంది.

ఉమ్మెత్తని మాత్రం ఇంట్లోకి రానివ్వకండి. పురుగు మీద పనిచేస్తుంది నిజమే, కానీ మనిషికీ విషమే. చిన్నపిల్లలున్న ఇంట్లో, వంట గిన్నెలు వాడే చోట, ఆ కాయలు దంచి నానబెట్టడం చాలా ప్రమాదం. సీతాఫలం గింజ పొడి కూడా అంతే, దంచేటప్పుడు ఎగిరి కంట్లో పడితే ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. వేప ఉండగా వీటితో మనకి పని లేదు. వేప పోసేటప్పుడైనా కషాయం గిన్నెలు వేరుగా పెట్టుకోండి, చేతులు కడుక్కోండి.

బంతి

బంతి వేరులో ఉన్న పదార్థం ఈ పురుగుని చంపుతుంది. బంతి ఆకు రసం తీసి పోసేవాళ్లున్నారు గానీ, అసలు బలం బతికి ఉన్న వేరుది. వంగ సాళ్ల మధ్య అక్కడక్కడా నాలుగు బంతి మొక్కలు పెడితే పెద్దగా లాభం కనపడలేదు నాకు. ఒక మడిని పూర్తిగా బంతికే ఇచ్చి, దగ్గర దగ్గరగా నాటి, రెండు మూడు నెలలు పెరగనిస్తే తర్వాతి పంటలో తేడా తెలిసింది. జులైలో నాటితే పూలు దసరాకి, విజయనగరం పైడితల్లి సిరిమాను పండగకి, దీపావళికి అందుతాయి. పూల డబ్బు చేతికొచ్చాక మొక్కలని నరికి అదే మడిలో కలియదున్ని, తర్వాత వంగ నాటుతాం. మడిలో కలుపు మాత్రం పెరగనివ్వకూడదు, బంతి మధ్యలో కలుపు వేళ్ల మీద పురుగు బతుకుతుంది.

వంగ తర్వాత టమాటా, దాని తర్వాత బెండ వేస్తే పంట మార్చినట్టు మనకి అనిపిస్తుంది. ఆ మూడూ ఈ పురుగుకి ఆహారమే. ఆనప, బీర, దోస, మిరప కూడా. అందుకే ఒక మడిని ఇప్పుడు వేసవిలో నువ్వులకి, తొలకరిలో జనుముకి ఇస్తున్నాను. పల్లపు మడి ఉన్నవాళ్లు ఒక పంట వరి వేసి నీళ్లు నిలబెడితే ఈ బుడిపె పురుగు బాగా తగ్గుతుంది. మాకు మెట్ట, ఆ దారి లేదు.

ఏం తేడా వచ్చింది

నిరుడు ఐదు సెంట్లలో రెండు సాళ్లని కావాలనే ఏమీ చెయ్యకుండా వదిలాను. అదే నారు, అదే గత్తం, అవే నీళ్లు. వేప పిండీ కషాయమూ మాత్రం లేవు. వదిలిన సాళ్లు శివరాత్రికే కాపు ఆగిపోయాయి. వేప పడిన సాళ్లు శ్రీరామనవమి దాకా కాశాయి. చివర్లో రెండు వైపులా పదేసి మొక్కలు తవ్వి కడిగాను. వదిలినవాటికి తల్లి వేరు దాకా బుడిపెలే. వేప పడినవాటికి కూడా బుడిపెలు ఉన్నాయి, అది దాచను. కానీ అవి పక్క వేర్ల చివర్లలో, ఆవగింజంత, ఆలస్యంగా పట్టినవి. మధ్యలో తెల్లటి మంచి వేరు చాలా మిగిలింది. మీరు మొదటిసారి చేసేటప్పుడు మీరూ ఇలా రెండు సాళ్లు వదలండి. లేకపోతే పనిచేసింది వేపా, ఆ ఏడు పడిన వానా అన్నది మీకే తెలియదు.

మొక్క ఎండిపోయి, కోసిన కాండం నీళ్లలో పెడితే తెల్లటి జిగురు దిగుతుంటే అది బాక్టీరియా ఎండు తెగులు. బుడిపె వేసిన గాయాల్లోంచి అది సులువుగా లోపలికి పోతుంది, రెండూ కలిసి రావడం మామూలే. అలాంటి మొక్కని కాపాడటానికి కషాయం ఖర్చు పెట్టకండి, వేరుతో సహా తీసేయండి. మడి అంతా అలాగే ఉంటే ఒక మొక్క, కిలో మట్టి సంచిలో వేసుకుని ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రానికి తీసుకెళ్లి చూపించండి.

కాపు అయ్యాక కాండం నరికి వేరు వదిలేయకండి. ఆ వేరులోనే వచ్చే పంటకి సరిపడా గుడ్లు ఉంటాయి. పారతో తవ్వి, వేర్లన్నీ ఏరి, గట్టు మీద ఎండబెట్టి కాల్చేయండి. గత్తం కుప్పలో వేస్తే మళ్లీ మడికే వస్తాయి. పారకి, నాగలికి అంటిన మట్టిని వేరే మడిలోకి దిగేముందు కడిగేయండి. మే నెలలో రెండుసార్లు లోతుగా దున్ని ఎండకి వదిలేయండి. ఆ తర్వాత వేప పండు రాలడం మొదలవుతుంది. సంచి కట్టేటప్పుడు దాని మీద ఏరిన నెల, ఏడు బొగ్గుతో రాసి పెట్టుకోండి. మా వసారాలో ఇప్పుడు మూడు సంచులున్నాయి, రెండు ఈ ఏటివి. మూడోది నిరుటిది, దాని పప్పు గోధుమ రంగు తిరిగింది, కొబ్బరి మొదట్లో వేసేస్తున్నాను.